అక్టోబరు గాలివానకు ముందే: వర్చువల్ మెషిన్లలోని డేటాబేస్‌కు బ్యాకప్ తీయడం ఎలా

ఒడిశాలోని బరంపురంలో ఒక బట్టల హోల్‌సేల్ కొట్టు. గిడ్డంగి పక్కన చిన్న గది, అందులో ఒక సర్వరు. దాని మీద మూడు వర్చువల్ మెషిన్లు (ఒకే సర్వరు లోపల విడివిడి కంప్యూటర్లలా నడిచేవి): ఒకటి బిల్లింగ్ డేటాబేస్‌కు, ఒకటి ఫైళ్లకు, మూడోది ఎందుకు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. "బ్యాకప్ ఉందా?" అని అడిగితే యజమాని ధీమాగా చెప్పారు: "రోజూ రాత్రి స్నాప్‌షాట్ పడుతుంది బాబూ, నెల రోజులవి భద్రంగా ఉన్నాయి." ఉన్న మాట నిజమే. అదే సర్వరులో, అదే డిస్కుల మీద ఉన్నాయి. ఒక వేసవి సాయంత్రం కరెంటు నాలుగైదు సార్లు పోయి వచ్చేసరికి డిస్కుల కంట్రోలరు కాలిపోయింది. దానితో పాటే స్నాప్‌షాట్లన్నీ పోయాయి. అకౌంటెంటు తన తృప్తి కోసం పెన్‌డ్రైవ్‌లో దాచుకున్న నెలన్నర కిందటి నకలు ఒకటి దొరికింది. అక్కడి నుంచి బిల్లు పుస్తకాల కార్బన్ కాపీలు ముందు పెట్టుకుని, ఇద్దరు కుర్రాళ్లతో కలిసి పదకొండు రోజులు ఎక్కించాం.

ఈ వ్యాసం అటువంటి చోట్ల పనిచేసేవారి కోసం. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వంటి ఊళ్లలో ఒకటి రెండు సర్వర్లతో మిల్లో, ఆసుపత్రో, బడో నడుస్తుంటుంది. కంప్యూటర్ల బాధ్యత ప్రత్యేకంగా ఎవరిదీ కాదు కనుక మీ మీద పడి ఉంటుంది. పెద్ద డేటా కేంద్రాల సంగతులు ఇక్కడ చెప్పను.

ముందు కాగితం మీద

కీబోర్డు ముట్టుకోకుండా ఒక తెల్ల కాగితం తీసుకోండి. ఏ సర్వరు మీద ఏ వర్చువల్ మెషిన్లు ఉన్నాయి, వాటిలో డేటాబేస్ ఉన్నది ఏది, ఆ డేటాబేస్ సాఫ్ట్‌వేరు మైఎస్‌క్యూఎలా, పోస్ట్‌గ్రెసా, ఎస్‌క్యూఎల్ సర్వరా, ఎన్నో వెర్షన్, డేటా ఫైళ్లు ఏ డిస్కులో, లాగ్ ఫైళ్లు ఏ డిస్కులో, మొత్తం ఎన్ని జీబీలు. ఇవన్నీ రాయండి. ఎందుకు పెట్టారో తెలియని ఆ మూడో మెషిన్ గురించి కూడా రాయండి. ఒకసారి అలాంటి దానిలోనే జీతాల లెక్కలు బయటపడ్డాయి.

తరువాత యజమానిని రెండు ప్రశ్నలు అడగండి. మొదటిది: "మధ్యాహ్నం మూడింటికి సర్వరు పోతే, పొద్దుటి నుంచి కొట్టిన బిల్లులు మళ్లీ కొట్టగలరా?" రెండోది: "సర్వరు లేకుండా ఎన్ని గంటలు కొట్టు నడపగలరు?" మొదటి దానికి జవాబును నిపుణులు ఆర్‌పీఓ అంటారు, రెండో దానిని ఆర్‌టీఓ అంటారు. యజమాని ముందు మాత్రం ఆ రెండో పేరు ఎత్తకండి. ఆర్‌టీఓ అంటే ఆయనకు లారీ పర్మిట్లు గుర్తుకొచ్చి మాట పక్కదారి పడుతుంది. బడికి ఒక రోజు డేటా పోయినా పెద్ద నష్టం ఉండదు. ధాన్యం కొనుగోళ్ల రోజుల్లో రైస్ మిల్లుకు అరగంట తూకాల లెక్క పోతే గేటు దగ్గర గొడవ అవుతుంది. బ్యాకప్ ఎంత తరచుగా తీయాలో ఈ జవాబులే నిర్ణయిస్తాయి. సాఫ్ట్‌వేరులో ముందే పెట్టి ఇచ్చిన "రోజుకొకసారి" అనే సెట్టింగుకు మీ వ్యాపారం సంగతి తెలియదు.

స్నాప్‌షాట్ చేసే పని ఏమిటి

స్నాప్‌షాట్ తీసినప్పుడు మీ డిస్కుకు ఎక్కడా మరో నకలు తయారు కాదు. అసలు డిస్కు ఫైలును అక్కడికి ఆపి, ఆ క్షణం తరువాత వచ్చే మార్పులను పక్కనే ఇంకో ఫైలులో రాయడం మొదలుపెడతారు. వెనక్కి వెళ్లాలంటే అసలు ఫైలు చెక్కుచెదరకుండా ఉండాలి. అది పోతే పక్క ఫైలు ఒక్కటీ ఎందుకూ పనికిరాదు. మార్పుల ఫైలు పెరుగుతూ పోతుంది. నిల్వ స్థలం నిండిన రోజున మెషిన్లు ఆగిపోతాయి. ఒకే స్నాప్‌షాట్‌ను 72 గంటలకు మించి ఉంచవద్దని, వర్చువల్ మెషిన్లు నడిపే సాఫ్ట్‌వేరు తయారుచేసే వీఎంవేర్ సంస్థే చెబుతుంది. ఒకదాని మీద ఒకటిగా 32 వరకు పెట్టుకోవచ్చు కానీ రెండు మూడింటితో సరిపెట్టుకోమనీ అంటుంది.

సాఫ్ట్‌వేరు అప్‌గ్రేడ్ చేసే ముందు ఒక స్నాప్‌షాట్ తీసుకోండి, పని సవ్యంగా జరిగిందని తేలగానే తొలగించండి. దాని ఉపయోగం అంతవరకే.

మైక్రోసాఫ్ట్ వర్చువల్ మెషిన్ వ్యవస్థ హైపర్-వీ వాడేవారు మరొకటి చూసుకోవాలి. అక్కడ స్నాప్‌షాట్‌ను చెక్‌పాయింట్ అంటారు. విండోస్ సర్వర్ 2016 నుంచి రెండు రకాలున్నాయి. ప్రొడక్షన్ చెక్‌పాయింట్ లోపలి విండోస్‌తో మాట్లాడి డిస్కును కుదురుగా పట్టుకుంటుంది. స్టాండర్డ్ చెక్‌పాయింట్ మెమరీ స్థితిని కూడా ఉన్నదున్నట్టు నిలిపి దాస్తుంది. డేటాబేస్ ఉన్న మెషిన్‌కు రెండోది వద్దు.

మెషిన్ నకలు, డేటాబేస్ నకలు

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. చాలామంది ఈ రెండింటినీ ఒకటే అనుకుంటారు.

డేటాబేస్ ప్రతి మార్పునూ వెంటనే డేటా ఫైలులో రాయదు. ముందు లాగ్‌లో నమోదు చేసి, అసలు పేజీలను మెమరీలో మార్చి, తీరిక దొరికినప్పుడు డిస్కుకు దించుతుంది. కొట్టులో చిట్టా ముందు రాసి, ఆవర్జాలోకి తరువాత ఎక్కించినట్టే. నడుస్తున్న మెషిన్‌ను బయటి నుంచి నకలు తీస్తే, చిట్టా పూర్తయి ఆవర్జా సగంలో ఉన్న స్థితి పట్టుబడుతుంది. ఆ నకలును తెరిచినప్పుడు డేటాబేస్‌కు అది ప్లగ్గు పీకేసిన సర్వరులా కనిపిస్తుంది. లాగ్ చదివి, పూర్తయిన వాటిని ఎక్కించి, సగంలో ఆగినవాటిని కొట్టివేసి లేచి నిలబడుతుంది. మంచి డేటాబేస్‌లన్నీ దీనికి సిద్ధంగానే ఉంటాయి.

ఒక షరతు ఉంది. చిట్టా, ఆవర్జా రెండూ ఒకే క్షణానివి అయి ఉండాలి. డేటా ఒక డిస్కులో, లాగ్ ఇంకో డిస్కులో ఉండి, వాటి నకళ్లు కొన్ని సెకన్ల తేడాతో పట్టుబడితే, లాగ్‌లో లేని మార్పు డేటాలో కనిపించవచ్చు. అటువంటి నకలు తెరుచుకోకపోవచ్చు. తెరుచుకుని తప్పు లెక్కలు చూపించడం అంతకంటే ప్రమాదం.

మెషిన్ నకలు అన్ని విధాలా సరిగా ఉన్నా కొన్ని అవసరాలకు చాలదు. ఉదయం 11:40కి ఎవరో పొరపాటున కస్టమర్ల పట్టికను తుడిచేశారనుకోండి. రాత్రి తీసిన మెషిన్ నకలు తెరిస్తే 11:39 వరకు కొట్టిన బిల్లులన్నీ పోతాయి. డేటాబేస్ లాగ్‌ల బ్యాకప్ ఉంటే 11:39 దగ్గర ఆపి తెచ్చుకోవచ్చు. ఇంకొకటి: డేటా ఫైలులో ఏదో పేజీ పాడైతే మెషిన్ నకలు ఆ పాడైన పేజీని కూడా శ్రద్ధగా నకలు చేస్తుంది, ఎవరికీ చెప్పదు. డేటాబేస్ సొంత బ్యాకప్ ప్రతి పట్టికనూ చదవాలి కనుక అక్కడ అరిచి ఆగే అవకాశం ఎక్కువ.

రెండూ పెట్టుకోండి. ఒక్కటే కుదురుతుందంటే నా ఓటు డేటాబేస్ సొంత బ్యాకప్‌కే. విండోస్, లైనక్స్ మళ్లీ వేసుకోవడానికి ఒక పూట పోతుంది. లెక్కలు మళ్లీ పుట్టించుకోవడం ఎలా ఉంటుందో పై కొట్టువారికి తెలుసు.

డేటాబేస్ సొంత బ్యాకప్

ఎస్‌క్యూఎల్ సర్వర్ అయితే మొదట రికవరీ మోడల్ (లాగ్‌ను ఎంతవరకు దాచాలో చెప్పే సెట్టింగు) చూడండి. సింపుల్‌లో ఉంటే చివరి బ్యాకప్ తీసిన క్షణానికే వెళ్లగలరు. ఫుల్‌లో పెడితే కోరిన నిమిషానికి వెళ్లవచ్చు, అయితే లాగ్ బ్యాకప్ కూడా తీస్తూ ఉండాలి. ఫుల్‌లో పెట్టి లాగ్ బ్యాకప్ మరిచిపోవడం మన ప్రాంతంలో నేను ఎక్కువగా చూసే తప్పు. లాగ్ ఫైలు ఉబ్బి ఉబ్బి డిస్కు నిండుతుంది, పండగ ముందు రోజున బిల్లింగ్ ఆగిపోతుంది. వారానికి ఒక పూర్తి బ్యాకప్, రోజూ ఒక డిఫరెన్షియల్ (పూర్తి బ్యాకప్ తరువాతి మార్పులు మాత్రమే), పని గంటల్లో పావుగంటకొక లాగ్ బ్యాకప్ అనేది చిన్న సంస్థకు చక్కగా సరిపోయే అమరిక. ప్రతిదానికీ, ఫైలు పాడైతే పట్టిచ్చే చెక్‌సమ్ ఆప్షన్ పెట్టండి.

చాలా కొట్లలో ఉండేది ఉచితంగా దొరికే ఎక్స్‌ప్రెస్ ఎడిషన్. 2022 వెర్షన్ వరకు దానిలో ఒక్కో డేటాబేస్‌కు 10 జీబీ పరిమితి ఉంది. అంతకంటే ముఖ్యం, వేళకు పనులు నడిపే ఏజెంట్ దానిలో ఉండదు. కనుక బ్యాకప్ ఆదేశాన్ని ఒక స్క్రిప్టు ఫైలులో రాసి, ఎస్‌క్యూఎల్‌సీఎండీ అనే సాధనం ద్వారా విండోస్ టాస్క్ షెడ్యూలర్‌తో నడిపించండి. ఆ పని ఏ యూజర్ పేరు మీద నడుస్తుందో రాసి పెట్టుకోండి. ఆ యూజర్ పాస్‌వర్డ్ మార్చిన మరునాటి నుంచి బ్యాకప్ నిశ్శబ్దంగా ఆగిపోతుంది.

మైఎస్‌క్యూఎల్, మరియాడీబీ వాడేవారికి, డేటాబేస్‌ను ఒక ఫైలులోకి (డంప్‌లోకి) తోడే మైఎస్‌క్యూఎల్‌డంప్ తెలిసిందే. సింగిల్-ట్రాన్సాక్షన్ ఆప్షన్ తప్పనిసరి. పని ఆగకుండా ఒకే క్షణపు చిత్రాన్ని అది ఇస్తుంది. ఈ హామీ ఇన్నోడీబీ రకం పట్టికలకే. పాత సాఫ్ట్‌వేర్లలో మైఐసామ్ పట్టికలు ఇంకా కనిపిస్తాయి, వాటికి ఇది వర్తించదు. ముందు పట్టికల రకం చూసి, వీలైతే ఇన్నోడీబీకి మార్చండి. రొటీన్లు (డేటాబేస్‌లోనే దాచిన చిన్న ప్రోగ్రాములు), ఈవెంట్లు (వేళకు నడిచే పనులు) అడగకపోతే డంప్‌లోకి రావు కాబట్టి ఆ రెండు ఆప్షన్లూ జోడించండి. మైఎస్‌క్యూఎల్ 8.0లో బైనరీ లాగ్ (మార్పులన్నీ వరుసగా నమోదయ్యే ఫైలు) మొదటి నుంచీ తెరిచే ఉంటుంది. మరియాడీబీలో మీరే తెరవాలి. ఆ లాగ్‌లను కూడా గంటకొకసారి బయటికి నకలు చేస్తే కోరిన నిమిషానికి వెళ్లే వీలు వస్తుంది. డేటాబేస్ పదుల జీబీలకు పెరిగిందంటే డంప్ నుంచి తిరిగి ఎక్కించడానికి గంటలు పడుతుంది. అప్పుడు మైఎస్‌క్యూఎల్‌కు ఎక్స్‌ట్రాబ్యాకప్, మరియాడీబీకి మరియాబ్యాకప్ వాడండి.

పోస్ట్‌గ్రెస్‌లో పీజీ-డంప్ ఒక్క డేటాబేస్‌నే తీస్తుంది. యూజర్లు, వారి హక్కులు దానిలో ఉండవు. వాటికోసం పీజీ-డంప్‌ఆల్‌ను గ్లోబల్స్-ఓన్లీ ఆప్షన్‌తో వేరుగా నడపాలి. కోరిన నిమిషానికి వెళ్లాలంటే పీజీ-బేస్‌బ్యాకప్‌తో డేటా ఫైళ్ల పూర్తి నకలు తీసి, వాల్ లాగ్‌లను (పోస్ట్‌గ్రెస్ చిట్టా ఫైళ్లను) వేరే చోటికి ఆర్కైవ్ చేస్తూ ఉండాలి. ఒక్కో వాల్ ఫైలు మామూలుగా 16 ఎంబీ. అది నిండే వరకు బయటికి వెళ్లదు కనుక, బేరం మందకొడిగా ఉండే కొట్టులో ఆర్కైవ్-టైమవుట్‌ను అయిదు పది నిమిషాలకు పెట్టండి. ఆర్కైవ్ అవతలి డిస్కు నిండినా, తీగ ఊడినా వాల్ ఫైళ్లు ఇవతల పోగవుతాయి, కొన్నాళ్లకు పోస్ట్‌గ్రెస్సే ఆగిపోతుంది. ఆ ఫోల్డరు పరిమాణం మీద ఒక కన్ను వేయండి.

తెలుగు, ఒడియా పేర్లు

ఇంగ్లీషులో రాసిన మార్గదర్శకాల్లో ఈ సంగతి పెద్దగా కనిపించదు. మన ఊళ్లలో ఒకే పట్టికలో తెలుగు పేర్లు, ఒడియా పేర్లు పక్కపక్కనే ఉంటాయి. విండోస్‌లో పవర్‌షెల్ తెరిచి, మైఎస్‌క్యూఎల్‌డంప్ ఫలితాన్ని బాణం గుర్తుతో ఫైలులోకి మళ్లిస్తే, పాత పవర్‌షెల్ ఆ ఫైలును యూటీఎఫ్-16 అనే అక్షరాల కోడ్‌లో రాస్తుంది. తిరిగి ఎక్కించేటప్పుడు మైఎస్‌క్యూఎల్ దానిని ఒప్పుకోదు. రిజల్ట్-ఫైల్ అనే ఆప్షన్‌తో నేరుగా ఫైలు పేరు ఇస్తే ఈ బాధ ఉండదు. క్యారెక్టర్ సెట్‌ను యూటీఎఫ్8ఎంబీ4 అని స్పష్టంగా చెప్పండి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఆ పేర్ల గడులు ఎన్‌వార్‌చార్ రకంలో ఉన్నాయో లేదో చూడండి. మామూలు వార్‌చార్‌లో అయితే చాలాచోట్ల పేర్లు మొదటి రోజే ప్రశ్న గుర్తులై ఉంటాయి. అది బ్యాకప్ తప్పు కాదు.

పరీక్షగా రిస్టోర్ చేసినప్పుడు, అంటే బ్యాకప్‌ను తిరిగి ఎక్కించినప్పుడు, మొట్టమొదట ఒక తెలుగు పేరు, ఒక ఒడియా పేరు వెతికి చూడండి. అర నిమిషం పని.

మెషిన్ మొత్తానికి బ్యాకప్

ఇప్పుడు రెండో నకలు. వీఎంవేర్‌లో వీఎంవేర్ టూల్స్, అలాంటిదే అయిన ప్రాక్స్‌మాక్స్‌లో క్యూఈఎంయూ గెస్ట్ ఏజెంట్, హైపర్-వీలో ఇంటిగ్రేషన్ సర్వీసెస్. ఈ సాఫ్ట్‌వేర్లు మెషిన్ లోపల పనిచేస్తున్నాయని ముందు నిర్ధారించుకోండి. ప్రాక్స్‌మాక్స్‌లో రెండు వైపులా చేయాలి: లోపల ఏజెంట్ వేయాలి, బయట ఆ మెషిన్ ఆప్షన్లలో దానిని ఆన్ చేయాలి. ఒకవైపు మాత్రమే చేసి వదిలేసిన మెషిన్లు ఎన్నో చూశాను.

విండోస్ లోపల ఎస్‌క్యూఎల్ సర్వర్ ఉంటే వీఎస్ఎస్ అనే వ్యవస్థ డేటాబేస్‌కు కబురు పెడుతుంది: "ఒక్క క్షణం రాయడం ఆపు, నకలు తీస్తున్నాను." ఎస్‌క్యూఎల్ రైటర్ అనే సర్వీసు నడుస్తుంటేనే ఆ కబురు అందుతుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో వీఎస్ఎస్‌అడ్మిన్ లిస్ట్ రైటర్స్ అని కొట్టి, ఆ పేరు కనిపిస్తోందో, స్థితి స్టేబుల్ అని ఉందో చూడండి. లైనక్స్‌లో ఏజెంట్ ఫైల్ సిస్టమ్‌ను మాత్రమే ఒక క్షణం గడ్డకట్టిస్తుంది. డేటాబేస్‌కు ఏమీ చెప్పదు. చెప్పాలంటే ఫ్రీజ్‌కు ముందూ వెనకా నడిచే స్క్రిప్టులు మీరే రాయాలి. డంప్ ఎలాగూ విడిగా ఉంది కనుక చిన్న సంస్థలకు ఆ శ్రమ అవసరం లేదని నా అభిప్రాయం.

ఏ డిస్కులు బ్యాకప్‌లోకి వస్తున్నాయో చూడడం మరువకండి. వీఎంవేర్‌లో ఇండిపెండెంట్‌గా గుర్తుపెట్టిన డిస్కులు స్నాప్‌షాట్‌లోకి రావు. ప్రాక్స్‌మాక్స్‌లో ప్రతి డిస్కుకూ బ్యాకప్ అనే టిక్కు ఉంటుంది. "ఈ డిస్కు పెద్దది, వద్దులే" అని ఎవరో ఆ టిక్కు తీసేసి ఉంటారు. తీరా చూస్తే డేటాబేస్ దాని మీదే ఉంటుంది.

ఎస్‌క్యూఎల్ సర్వర్ వాడేవారికి ఒక చిక్కు. వీఎస్ఎస్ ద్వారా తీసిన మెషిన్ బ్యాకప్‌ను, కాపీ-ఓన్లీ (వరుసలో లెక్కించని విడి నకలు) అని చెప్పకపోతే, ఎస్‌క్యూఎల్ సర్వర్ తన పూర్తి బ్యాకప్‌గా లెక్కపెడుతుంది. మీ ఆదివారపు పూర్తి బ్యాకప్ మీద బుధవారపు డిఫరెన్షియల్ పెట్టబోతే అతకదు, ఎందుకంటే అది మంగళవారపు మెషిన్ బ్యాకప్‌తో జతకట్టి ఉంటుంది. బ్యాకప్ సాఫ్ట్‌వేరులో కాపీ-ఓన్లీ ఆప్షన్ ఎంచుకోండి. లాగ్‌లను కత్తిరించే పని కూడా ఒక్క చేతికే అప్పగించండి. మెషిన్ బ్యాకప్ సాఫ్ట్‌వేరు ఒకవైపు, మీ స్క్రిప్టు ఒకవైపు లాగ్ బ్యాకప్ తీస్తే, చెరి సగం ముక్కలు చెరొక చోట ఉంటాయి.

ఏ వేళకు పెట్టాలి

పుస్తకాలన్నీ రాత్రి రెండు గంటలు అంటాయి. మన కొట్లలో రాత్రి తొమ్మిదిన్నరకు షట్టరు దించే ముందు యజమాని మెయిన్ స్విచ్ ఆపేస్తారు. షార్ట్ సర్క్యూట్ భయం, బిల్లు భయం. రాత్రి రెండింటికి పెట్టిన బ్యాకప్ ఏడాది పాటు ఒక్కసారీ నడవని కొట్టు ఒకటి నాకు తెలుసు. సర్వరు గదికి వేరే లైను వేయించగలిగితే మంచిది. లేకపోతే డంప్‌ను మధ్యాహ్న భోజన విరామంలో ఒకసారి, కొట్టు కట్టే అరగంట ముందు ఇంకొకసారి పెట్టండి.

లైనక్స్ మెషిన్లలో గడియారం తరచుగా యూటీసీలో (మనకంటే అయిదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటుంది. అక్కడ రెండు గంటలంటే మనకు ఉదయం 7:30. ఆసుపత్రిలో ఓపీ చీట్లు మొదలయ్యే వేళకు సర్వరు ఎందుకు నెమ్మదిస్తుందో తెలియక కొత్త మెమరీ కొన్నవారు ఉన్నారు.

ఎక్కడ పెట్టాలి

మూడు నకళ్లు, రెండు రకాల నిల్వలు, ఒకటి ఊరి బయట అనే సూత్రం మీరు వినే ఉంటారు. మన తీరానికి ఆ మూడో మాటే ప్రాణం. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని కొట్టింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి, లోపలికి వెళ్లి గజపతి జిల్లాను వరదల్లో ముంచింది. బరంపురం సర్వరుకు గోపాల్‌పూర్‌లోని బావగారి ఇంట్లో పెట్టిన నకలు ఊరి బయటిదే, కానీ తుపాను బయటిది కాదు. పర్లాకిమిడి సముద్రానికి దూరమే అనుకుంటే తిత్లీ సంగతి గుర్తు చేసుకోండి. రాయగడ, జయపురం, హైదరాబాద్ వైపు చూడండి. క్లౌడ్ అయితే ముంబై, హైదరాబాద్ రీజియన్లలో ఒకటి ఎంచుకోండి.

క్లౌడ్‌కు పంపే ముందు లెక్క కట్టండి. మీ ఇంటర్నెట్‌కు సెకనుకు 20 మెగాబిట్ల అప్‌లోడ్ ఉంటే 100 జీబీ మెషిన్ నకలు వెళ్లడానికి పదకొండు గంటలు పడుతుంది, మధ్యలో లైను తెగకపోతే. అదే డేటాబేస్ డంప్‌ను కుదిస్తే 4 జీబీ అనుకోండి, అరగంట లోపే వెళ్లిపోతుంది. కనుక డంప్‌లు, లాగ్‌లు రోజూ క్లౌడ్‌కు పంపండి. మెషిన్ నకలు స్థానికంగా ఒక నాస్ (నెట్‌వర్క్‌కు తగిలించే నిల్వ) పెట్టెలో ఉంచి, వారానికి ఒకసారి బయటి హార్డ్ డిస్కులోకి తీసి ఇంటికి పట్టుకెళ్లండి. రెండు డిస్కులు ఉంచి మార్చి మార్చి వాడండి, ఏదో ఒకటి ఎప్పుడూ తీగకు తగలకుండా ఉండాలి.

తీగకు తగలకపోవడం ఎందుకంటే, తుపాను కంటే తరచుగా వచ్చేది, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్‌సమ్‌వేర్. 2023 ఫిబ్రవరిలో ఈఎస్ఎక్స్ఐఆర్గ్స్ అనే దాడి వీఎంవేర్ సర్వర్ల లోపలికి నేరుగా దూరి వర్చువల్ డిస్కుల ఫైళ్లకే తాళం వేసింది. అది వాడుకున్న లోపాన్ని వీఎంవేర్ రెండేళ్ల ముందే సరిదిద్దింది, అప్‌డేట్ వేసుకోనివారు దొరికిపోయారు. బ్యాకప్ పెట్టె పాస్‌వర్డ్ సర్వరు పాస్‌వర్డ్‌కు వేరుగా ఉండాలి. విండోస్ డొమైన్‌లో దానిని చేర్చకండి. సర్వరు తానుగా వెళ్లి నాస్‌లో రాసే అమరిక కంటే, నాస్ వచ్చి తీసుకెళ్లే అమరిక మేలు. అప్పుడు సర్వరులో దూరిన దొంగకు నాస్ తాళం దొరకదు. క్లౌడ్‌లో ఫలానా రోజుల వరకు తుడిచే వీలు లేకుండా చేసే ఆబ్జెక్ట్ లాక్ ఉంటే తప్పక వాడండి.

ఊరి బయటికి వెళ్లే ప్రతి నకలుకూ ఎన్‌క్రిప్షన్ వేయండి. ఆ తాళపు మాటను కాగితం మీద రాసి, సర్వరు లేని చోట, బీరువాలో పెట్టండి. తాళపు మాటను సర్వరులోనే నోట్‌ప్యాడ్‌లో దాచుకున్న పెద్దమనిషి ఒకరున్నారు. ఆయన పేరు చెప్పను, మాకు దగ్గర బంధువు.

తిరిగి తెచ్చి చూడండి

2017 జనవరి 31న, ప్రోగ్రామర్ల కోడ్‌ను దాచిపెట్టే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజినీరు వేరే సర్వరు అనుకుని అసలు పోస్ట్‌గ్రెస్ డేటాను తుడిచేశారు. సుమారు 300 జీబీలో నాలుగున్నర జీబీ మిగిలింది. బ్యాకప్‌ల కోసం వెళ్తే క్లౌడ్ ఫోల్డరు ఖాళీ. సర్వరు 9.6 వెర్షన్, డంప్ తీసే సాధనం 9.2 వెర్షన్ కావడంతో డంప్ రోజూ విఫలమవుతోంది. విఫలమైందని చెప్పే ఈమెయిళ్లను మెయిల్ సర్వరు తిప్పికొడుతోంది, ఎవరికీ అందలేదు. వేరే పని కోసం ఆరు గంటల ముందు ఒకరు చేత్తో తీసిన స్నాప్‌షాట్ వారిని గట్టెక్కించింది. వారు ఈ తప్పులన్నింటినీ దాచకుండా బయటపెట్టారు కాబట్టి మనం నేర్చుకోగలుగుతున్నాం.

విఫలమైతే కబురు పంపే ఏర్పాటు ఒక్కటే ఎందుకు చాలదో దీనిని బట్టి తెలుస్తుంది. కబురు రాకపోతే అంతా బాగుందనుకుంటాం. తిప్పి పెట్టండి: సఫలమైనప్పుడు ఫోనుకు సందేశం రావాలి, అందులో ఫైలు పరిమాణం ఉండాలి. పొద్దున సందేశం రాకపోతే ఏదో జరిగిందని అర్థం. నిన్న 4 జీబీ ఉన్నది ఈ రోజు 20 కేబీ అయితే అంకె చూడగానే తెలిసిపోతుంది.

రిస్టోర్ పరీక్ష మూడు నెలలకొకసారి చేయండి. ఒకటి మాత్రం సెప్టెంబరులో తప్పనిసరి. పద్ధతి ఇది. మెషిన్ నకలును వేరే సర్వరు మీద, లేదా మంచి డెస్క్‌టాప్ మీద తెరవండి. ఆన్ చేసే ముందే దాని నెట్‌వర్క్ కార్డును విడదీయండి. ఈ మాట రెండుసార్లు చదవండి. ఒకసారి నేను ఆ జాగ్రత్త తీసుకోకుండా మూడు వారాల కిందటి నకలును తెరిచాను. లోపలి బిల్లింగ్ సాఫ్ట్‌వేరు లేచీ లేవగానే, అప్పటికే బాకీ తీర్చేసిన వ్యాపారులందరికీ "మీ బాకీ వెంటనే చెల్లించగలరు" అని ఎస్ఎంఎస్‌లు పంపింది. మరునాడు యజమాని ఫోను మోగుతూనే ఉంది. ఒక ఛత్రపురం వ్యాపారి రసీదు పట్టుకుని స్వయంగా వచ్చారు.

మెషిన్ లేచాక డేటాబేస్ లాగ్‌ను చదవండి. రికవరీ పూర్తయిందని ఉండాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్ అయితే, డేటా లోపలి తప్పులు వెతికే డీబీసీసీ చెక్‌డీబీ ఆదేశం నడపండి. రిస్టోర్ వెరిఫైఓన్లీ అనే ఆదేశం బ్యాకప్ ఫైలు చదవదగ్గదో కాదో చెబుతుందే కానీ లోపలి డేటా బాగుందని చెప్పదు. తరువాత ఖాళీ మెషిన్ ఒకటి తయారు చేసి, డంప్‌ను దానిలోకి విడిగా ఎక్కించండి. డంప్ తీసిన వెర్షన్, ఎక్కించే వెర్షన్ రాసుకోండి. ఆఖరి బిల్లు నంబరు, ఆ రోజు మొత్తం అమ్మకం, కస్టమర్ల సంఖ్య, ఈ మూడింటినీ అకౌంటెంటును పక్కన కూర్చోబెట్టుకుని పుస్తకంతో సరిచూడండి. మీకు అంకెలు సరిగానే కనిపిస్తాయి, తేడా పట్టుకునేది ఆయనే. మొదలుపెట్టిన వేళ, ముగిసిన వేళ రాయండి. యజమాని నాలుగు గంటలు ఆగగలమన్నారు, మీకు తొమ్మిది గంటలు పట్టిందనుకోండి, ఆ సంగతి ఇప్పుడే ఆయనకు చెప్పాలి.

ఆఖరున మళ్లీ ఒక కాగితం. ఏ నకలు ఎక్కడ ఉంది, ఏ వరుసలో తెరవాలి, తాళపు మాట ఏ బీరువాలో ఉంది, ఎవరికి ఫోను చేయాలి. తెలుగులోనూ ఒడియాలోనూ రాయండి, ఎందుకంటే ఆ రాత్రి మీరు ఊళ్లో ఉండకపోవచ్చు, గదిలో టార్చి పట్టుకుని నిలబడేది రాత్రి కాపలా ఆయన కావచ్చు. ప్లాస్టిక్ కవరులో పెట్టి సర్వరు గది తలుపు లోపలి వైపు అంటించండి. ఏటా ఆయుధ పూజకు సర్వరుకు బొట్టు పెడతారు కదా, ఆ పూటే కాగితం మీద తేదీ మార్చి, ఫోను నంబర్లు ఇంకా పనిచేస్తున్నాయో లేదో ఒకసారి మోగించి చూడండి.